సహసంబంధ ఎలక్ట్రాన్ పదార్థాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రంగంలో కొత్తగా ప్రయోగాలో లెక్కలో మొదలుపెట్టే పరిశోధక విద్యార్థుల కోసం ఈ పేజీ. సిద్ధాంతం కొంతే చెప్పాం. శాంపిల్ తయారీ దగ్గర, కొలతల దగ్గర ఎక్కువసేపు ఆగాం. ఎందుకంటే ఇక్కడ తప్పుడు ప్రకటనలు ఎక్కువగా పుట్టేది అక్కడే.

అసలు సహసంబంధ ఎలక్ట్రాన్ పదార్థం అంటే ఏమిటి?

రాగి, సోడియం వంటి లోహాల్లో ప్రతి ఎలక్ట్రానూ మిగతావాటి సగటు ప్రభావంలో ఒంటరిగా తిరుగుతోందనుకున్నా లెక్క చాలావరకు సరిపోతుంది. కొన్ని పదార్థాల్లో సరిపోదు. 1937లో డి బోయర్, వెర్వే ఈ సంగతి ఎత్తిచూపారు. నికెల్ ఆక్సైడ్‌లో డి పట్టీ (డి ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిల వరుస) పూర్తిగా నిండలేదు కాబట్టి, అప్పటి బ్యాండ్ సిద్ధాంతం ప్రకారం అది లోహం కావాలి. కానీ అది గట్టి విద్యుద్బంధకం. కోబాల్ట్ ఆక్సైడ్ ఇంకా ఇబ్బంది పెడుతుంది. అందులో యూనిట్ సెల్‌కు బేసి సంఖ్యలో ఎలక్ట్రాన్లుంటాయి, అయినా కరెంటు పారదు.

కారణం ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ. ఒకే పరమాణువు మీద రెండు ఎలక్ట్రాన్లు చేరితే అయ్యే శక్తి ఖర్చును యు అంటారు. పక్క పరమాణువు మీదికి గెంతినందుకు దక్కే శక్తిని టి అంటారు. యు బాగా పెద్దదై, పరమాణువుకో ఎలక్ట్రాన్ ఉంటే ఎవరి చోట వారు ఇరుక్కుపోతారు. అదే మాట్ బంధకం. ఈ రెండు అంకెలతోనే కథ నడిపే నమూనాను 1963లో హబర్డ్ ప్రతిపాదించాడు. గుట్జ్‌విల్లర్, కనమోరి కూడా అదే ఏడాది విడివిడిగా అక్కడికే వచ్చారు. కుప్రేట్లకు (రాగి ఆక్సైడ్ పొరలున్న పదార్థాలకు) ఈ నమూనా వాడేటప్పుడు యు విలువ టి కన్నా 8 రెట్లు ఉన్నట్టు తీసుకోవడం వాడుక.

ఆవర్తన పట్టికలో ఎక్కడ వెతకాలి?

3డి మూలకాల ఆక్సైడ్లు (వనేడియం నుంచి రాగి దాకా), సీరియం, యిటర్బియం, యురేనియం సమ్మేళనాలు, 5డిలో ఇరిడేట్లు (ఇరిడియం ఆక్సైడ్లు). డి, ఎఫ్ కక్ష్యలు పరమాణువుకు దగ్గరగా ముడుచుకుని ఉంటాయి. అందుకే గెంతు చిన్నది, వికర్షణ పెద్దది. ఇరిడియంలో కక్ష్య పెద్దదే, యు చిన్నదే. కానీ స్పిన్-కక్ష్య బంధం పట్టీని సన్నగా చీల్చేస్తుంది కాబట్టి ఆ కాస్త యు సరిపోతుంది.

హెవీ ఫెర్మియాన్ అంటే ఎలక్ట్రాన్ నిజంగా బరువెక్కుతుందా?

ఎలక్ట్రాన్ బరువు మారదు. ఎఫ్ ఎలక్ట్రాన్లతో చిక్కుపడి ఒక్క కణంలా కదిలే గుంపు, అంటే క్వాసీపార్టికల్, మందకొడిగా నడుస్తుంది. అది విశిష్టోష్ణంలో నేరుగా కనిపిస్తుంది. రాగిలో గామా గుణకం (విశిష్టోష్ణంలో ఎలక్ట్రాన్ల వాటాను చెప్పే అంకె) మోల్‌కు 0.7 మిల్లీజౌల్/కెల్విన్² దాకా ఉంటే, 1975లో సీరియం-అల్యూమినియం-3లో కొలిచింది 1620. రెండు వేల రెట్లకు పైమాటే. 1979లో స్టెగ్లిచ్ బృందం సీరియం-కాపర్-2-సిలికాన్-2లో సుమారు 0.5 కెల్విన్ దగ్గర అతివాహకతను (నిరోధం పూర్తిగా మాయమవడాన్ని) చూపింది. అయస్కాంత అయాన్లు అతివాహకతను చంపేస్తాయని అందరూ నమ్మే రోజులవి. మొదట్లో చాలామంది నమ్మలేదు. ఒక బ్యాచ్‌లో కనిపించి మరో బ్యాచ్‌లో కనిపించకపోవడం అనుమానాన్ని పెంచింది. రాగి పాలు కొద్దిగా మారితే ఈ పదార్థం అతివాహకత నుంచి అయస్కాంత క్రమం వైపు జారిపోతుందని తర్వాత తేలింది.

పొడి నుంచి వైబీసీఓ (యిట్రియం-బేరియం-కాపర్ ఆక్సైడ్ అతివాహకం) బిళ్ళ చేయాలి. ఎంతెంత తీసుకోవాలి?

సుమారు 6.66 గ్రాముల తుది పదార్థానికి: యిట్రియం ఆక్సైడ్ 1.129 గ్రా, బేరియం కార్బొనేట్ 3.947 గ్రా, కాపర్ ఆక్సైడ్ 2.386 గ్రా. అగేటు కల్వంలో రంగు ఒక్కతీరుగా వచ్చేదాకా, అంటే కనీసం అరగంట, నూరండి. మూసలో వేసి 900 నుంచి 930 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక రాత్రి ఉంచండి. చల్లార్చి, మళ్ళీ నూరి, మళ్ళీ కాల్చండి. ఇలా రెండు మూడు సార్లు. కార్బొనేట్ పూర్తిగా విరిగిందో లేదో తక్కెడే చెబుతుంది: 0.88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పోవాలి. అంతకన్నా బాగా తక్కువ పోతే పని ఇంకా మిగిలే ఉంది.

తర్వాత బిళ్ళగా నొక్కి 930–950 డిగ్రీల దగ్గర సింటర్ చేయండి. 1010 డిగ్రీలు దాటనివ్వకండి, పదార్థం విరిగి ఆకుపచ్చ రంగు దశ వస్తుంది. బిళ్ళ మీద పచ్చ మచ్చలు కనిపిస్తే కొలిమి వేడెక్కువైందని గానీ, తూకం తప్పిందని గానీ అర్థం.

చాలామంది తొందరపడేది చివరి మెట్టులో. ఎక్కువ వేడి దగ్గర ఈ పదార్థం ఆక్సిజన్‌ను వదిలేస్తుంది. దాన్ని తిరిగి ఎక్కించడానికి ఆక్సిజన్ ప్రవాహంలో 400–500 డిగ్రీల దగ్గర చాలా గంటలు ఉంచి, మెల్లగా చల్లార్చాలి. ఫార్ములాలో ఆక్సిజన్ సంఖ్య 7కి దగ్గరగా ఉంటే 90 కెల్విన్‌కు కాస్త పైనుంచే అతివాహకత వస్తుంది. 6 దగ్గర ఉంటే అదే నల్లని బిళ్ళ యాంటీఫెర్రో అయస్కాంత బంధకం. చూపుకు రెండూ ఒకటే. పొడికి, వదులు బిళ్ళకు గంటలు చాలు, మందపాటి ఏకస్ఫటికాలకు రోజులు, వారాలు పడుతుంది. ఆక్సిజన్ ఎంతుందో అయొడోమెట్రిక్ టైట్రేషన్‌తో తేల్చుకోండి.

సరిగ్గానే తూచాను, అయినా ఎక్స్-రేలో వేరే దశ వస్తోంది. ఎందుకు?

లాంథనం వాడారా? లాంథనం ఆక్సైడ్ గాలిలో తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను తెగ పీల్చుకుంటుంది. సీసా మీద ఆక్సైడ్ అని రాసి ఉన్నా లోపల ఉన్నది హైడ్రాక్సైడ్ కావచ్చు. పూర్తిగా మారిపోయి ఉంటే మీరు తూచిన దానిలో అసలు ఆక్సైడ్ 86 శాతమే. ఆ లోటుకు ఏ రెసిపీ నిలవదు. తూచే ముందు 900–1000 డిగ్రీల దగ్గర ఒక రాత్రి కాల్చి, డెసికేటర్‌లో చల్లార్చి, వెంటనే తూయండి. నియోడిమియం, ప్రేసియోడిమియం ఆక్సైడ్లకూ ఇదే జాగ్రత్త.

ఇంకో మాట: మామూలు పౌడర్ ఎక్స్-రేకి రెండు మూడు శాతం మలినం కనబడకపోవచ్చు. గీతలన్నీ సరిపోయాయంటే శాంపిల్ స్వచ్ఛమని కాదు.

ఫ్లక్స్ పద్ధతిలో స్ఫటికాలు పెంచడం ఎలా?

నేర్చుకోవడానికి సీరియం-కోబాల్ట్-ఇండియం-5 మంచిది. సీరియం, కోబాల్ట్, ఇండియం 1:1:20 మోలార్ పాళ్ళలో: 0.420 గ్రా, 0.177 గ్రా, 6.889 గ్రా. ఇక్కడ అదనపు ఇండియమే ద్రావణి. అల్యూమినా మూసలో వేసి, పైన క్వార్ట్జ్ ఉన్ని పెట్టి, మొత్తాన్ని క్వార్ట్జ్ గొట్టంలో కొద్దిపాటి ఆర్గాన్‌తో సీలు చేయండి. 1150 డిగ్రీలకు తీసుకెళ్ళి, 750 దాకా త్వరగా దించి, అక్కడి నుంచి 450 దాకా మెల్లగా దించాలి. ఆ వేడిలోనే గొట్టాన్ని తలకిందులు చేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ద్రవ ఇండియం ఉన్నిలోంచి వడకట్టుకుపోతుంది. మూసలో పలకల్లాంటి మెరిసే స్ఫటికాలు మిగులుతాయి. 750 దాకా త్వరగా దించడానికి కారణం, పైన వేడిలో సీరియం-ఇండియం-3 పుట్టి సీరియాన్ని తినేయడం.

స్ఫటికం ఉపరితలం మీద మిగిలిన ఇండియం పొరతో జాగ్రత్త. ఇండియం 3.4 కెల్విన్ దగ్గర తానే అతివాహకం అవుతుంది. ఈ పదార్థం అతివాహకం అయ్యేది 2.3 దగ్గర. 3.4 దగ్గర నిరోధం జారితే సంబరపడకండి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కడిగి మళ్ళీ కొలవండి. లేదా 500 ఒయర్‌స్టెడ్ క్షేత్రం పెట్టండి, ఇండియం అడ్డు తప్పుకుంటుంది. తగరం ఫ్లక్స్ అయితే 3.7, సీసం అయితే 7.2 కెల్విన్. ఈ మూడు అంకెలూ నోటికి వచ్చి ఉండాలి.

ఆర్సెనిక్ ఉన్న గొట్టాలు పేలతాయంటారు. నిజమేనా?

నిజమే. ఆర్సెనిక్ 615 డిగ్రీల చుట్టుపక్కల కరగకుండానే ఆవిరవుతుంది. ఇంకా చర్యలోకి పోని ఆర్సెనిక్ ఎక్కువుండగా వేడి చకచకా పెంచితే లోపలి పీడనం గొట్టాన్ని చీల్చేస్తుంది. 600 దగ్గర చాలా గంటలు ఆపి, చర్య జరగనిచ్చి, ఆపైన మెల్లగా పెంచండి. కొలిమి ఫ్యూమ్ హుడ్‌లోనే ఉండాలి. ఒక్కరే ఉన్న రోజున ఈ పని వద్దు.

నిరోధం కొలవడంలో ఎక్కడ దెబ్బ తింటాం?

నాలుగు తీగల పద్ధతి (రెండు తీగలతో కరెంటు, వేరే రెండింటితో వోల్టేజి) అందరికీ తెలిసిందే. తెలియాల్సింది అంకెల స్థాయి. స్ఫటికం 2 మి.మీ పొడవు, 0.5 వెడల్పు, 0.1 మందం, వోల్టేజి కాంటాక్టుల మధ్య 1 మి.మీ ఎడం అనుకుందాం. విశిష్ట నిరోధం 100 మైక్రోఓమ్-సెం.మీ అయితే కొలిచే నిరోధం 20 మిల్లీఓమ్‌లు. అడుగు ఉష్ణోగ్రతలో అది 1 మైక్రోఓమ్-సెం.మీకి పడితే, 0.1 మిల్లీఆంపియర్‌కు వచ్చే సిగ్నల్ 20 నానోవోల్టులే. అందుకే లాక్-ఇన్ (ఒకే పౌనఃపున్యపు సిగ్నల్‌ను ఏరే యాంప్లిఫయర్), దాని ముందు ట్రాన్స్‌ఫార్మర్. డీసీలో కొలిస్తే కరెంటు దిశ తిప్పి సగటు తీయాలి, లేకపోతే తీగల్లో పుట్టే థర్మో వోల్టేజి సిగ్నల్‌ను మింగేస్తుంది.

కరెంటు పెంచి గట్టెక్కుదామంటే వేడి అడ్డొస్తుంది. 10 ఓమ్‌ల కాంటాక్టు గుండా 1 మిల్లీఆంపియర్ పంపితే 10 మైక్రోవాట్లు నేరుగా శాంపిల్‌లోకి దిగుతాయి. 100 మిల్లీకెల్విన్ దగ్గర ఇది భరించలేని వేడి. థర్మామీటర్ చల్లగా చూపిస్తూనే ఉంటుంది, శాంపిల్ మాత్రం వెచ్చగా ఉంటుంది, గ్రాఫ్ అడుగున చదునుగా పరుచుకుంటుంది. దాన్ని కొత్త భౌతికశాస్త్రం అనుకునే ముందు కరెంటు సగానికి తగ్గించి మళ్ళీ కొలవండి. గీత కదిలితే అది వేడే.

కాంటాక్టు వెడల్పు 0.1 మి.మీ, ఎడం 1 మి.మీ అయితే ఆ ఒక్క కారణంతోనే పది శాతం తప్పు వస్తుంది. కాబట్టి విశిష్ట నిరోధాన్ని మూడు దశాంశాలతో రాయడంలో అర్థం లేదు. పొరల స్ఫటికాల్లో కరెంటు కాంటాక్టులు పై ముఖం మీదే కాక, చివరి అంచుల్ని మొత్తం కప్పాలి. లేదంటే పొరలకు అడ్డంగా ఉన్న నిరోధం కూడా కలిసిపోతుంది.

వనేడియం ట్రైఆక్సైడ్ వంటి వాటితో మరో బాధ. 150–160 కెల్విన్ దగ్గర అది లోహం నుంచి బంధకంగా మారుతుంది, మంచి స్ఫటికాల్లో నిరోధం కోటి రెట్లు పెరుగుతుంది. అదే క్షణంలో జాలకం ఆకారం కూడా మారి స్ఫటికం పగుళ్ళిస్తుంది. రెండోసారి చల్లారిస్తే అంకెలు వేరు. చిన్న స్ఫటికం, వదులుగా వంచిన 25 మైక్రాన్ల బంగారు తీగలు, నిమిషానికి ఒక కెల్విన్ మించని వేగం వాడండి. చల్లార్చేటప్పుడు, వేడెక్కించేటప్పుడు రెండు గీతలూ తీయండి.

అయస్కాంత కొలతల్లో అనుకోని మలుపులు వస్తున్నాయి. ఎవరిని అనుమానించాలి?

ముందు పట్టకారును. స్టీలు పట్టకారు నుంచి ఒక మైక్రోగ్రాము ఇనుము అంటుకున్నా చాలు, స్క్విడ్ (అతి సున్నిత అయస్కాంత మాపకం) పట్టుకోగల కనీస సిగ్నల్‌కు అది కొన్ని వేల రెట్లుంటుంది. ప్లాస్టిక్ లేదా టైటానియం పట్టకార్లు వాడండి. 40–60 కెల్విన్ మధ్య చిన్న గుబ్బ వస్తే శాంపిల్ గదిలో గాలి దూరిందని లెక్క. గడ్డకట్టిన ఆక్సిజన్ కూడా అయస్కాంత పదార్థమే.

అతివాహకాలు కొలిచేవారికి ఇంకో ఉచ్చు ఉంది. 7 టెస్లా దాకా వెళ్ళి వచ్చిన అయస్కాంతంలో సున్నా అని చూపించినా పదులలో ఒయర్‌స్టెడ్ల మిగులు క్షేత్రం, అదీ వ్యతిరేక దిశలో, ఉండిపోవచ్చు. మీరు 10 ఒయర్‌స్టెడ్ పెట్టామనుకుంటారు, శాంపిల్ మీద పడేది మైనస్ 10. అతివాహకం కాస్తా పారా అయస్కాంతంలా కనిపిస్తుంది. క్షేత్రాన్ని అటూ ఇటూ ఊపుతూ తగ్గించి సున్నాకు తేవాలి, పల్లాడియం ప్రమాణ శాంపిల్‌తో అసలు విలువ చూసుకోవాలి.

విశిష్టోష్ణం కొలత ఎందుకంత ముఖ్యం?

అది శాంపిల్ మొత్తాన్ని అడుగుతుంది కాబట్టి. సన్నని అతివాహక తీగ లాంటి మలినం ఒక్కటి ఉన్నా నిరోధం సున్నా అయిపోతుంది. పైపొర ఒక్కటే అతివాహకమైనా, క్షేత్రం లేకుండా చల్లార్చి తీసిన అయస్కాంత కొలత నూరు శాతం కవచం చూపించగలదు. విశిష్టోష్ణంలో దూకు రావాలంటే మాత్రం ఘనపరిమాణంలో ఎక్కువ భాగం మారాలి. బలహీన బంధపు బీసీఎస్ (అతివాహకత మౌలిక సిద్ధాంతం) లెక్కలో ఆ దూకు గామా, సంక్రమణ ఉష్ణోగ్రతల లబ్ధానికి 1.43 రెట్లు. మీకు అందులో పదో వంతే వచ్చిందంటే శాంపిల్‌లో పదో వంతే అతివాహకం అన్న అనుమానం న్యాయమే.

రిలాక్సేషన్ పద్ధతిలో (చిన్న వేడి పల్స్ ఇచ్చి, శాంపిల్ చల్లారే తీరు నుంచి విశిష్టోష్ణం లెక్కించడం) ప్రథమ క్రమ సంక్రమణాలు అలికినట్టవుతాయి. వాటి గుప్తోష్ణం సాఫ్ట్‌వేర్ ఫిట్‌లో ఇమడదు. అలాంటి చోట ఒకే పొడుగాటి వేడి పల్స్ ఇచ్చి, దాని వాలును నేరుగా విశ్లేషించండి. అతి తక్కువ ఉష్ణోగ్రతల్లో విశిష్టోష్ణం పైకి లేస్తే క్వాంటమ్ క్రిటికల్ (సున్నా కెల్విన్ దగ్గరి సంక్రమణ ప్రభావం) అని రాసే ముందు కేంద్రకాల షాట్కీ వాటాను (కేంద్రక స్పిన్ల స్థాయిల నుంచి వచ్చేదాన్ని) తీసేయండి. ఇండియం ఉన్న సమ్మేళనాల్లో, ముఖ్యంగా క్షేత్రంలో, అది పెద్దదే.

అతివాహకత అని ఎప్పుడు ధైర్యంగా చెప్పవచ్చు?

నిరోధం పరికరం హద్దుల్లో సున్నా కావాలి. క్షేత్రంలో చల్లార్చినా మైస్నర్ సంకేతం (క్షేత్రాన్ని లోపలి నుంచి బయటికి నెట్టడం) కనబడాలి. క్షేత్రం పెంచితే సంక్రమణం కిందికి జరగాలి. విశిష్టోష్ణంలో దూకు రావాలి. నాలుగూ ఒకే శాంపిల్ మీద రావాలి.

2023లో ఎల్‌కే-99 (రాగి కలిపిన సీసం ఫాస్ఫేట్ పదార్థం) గొడవ గుర్తుండే ఉంటుంది. గది ఉష్ణోగ్రత అతివాహకం అన్నారు, 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిరోధం పడిపోవడం చూపించారు. ఆ శాంపిళ్ళలో క్యూప్రస్ సల్ఫైడ్ మలినం ఉంది. దానికి సరిగ్గా ఆ దగ్గర్లోనే నిర్మాణ సంక్రమణం ఉంది. ఆ ఉష్ణోగ్రత కిందికి చల్లారితే నిరోధం పడుతుంది. మలినం లేకుండా పెంచిన స్ఫటికాలు పారదర్శకంగా, బంధకాలుగా తేలాయి.

స్ట్రాన్షియం రుథినేట్ కథ దీనికన్నా లోతైనది. 1994లో 1 కెల్విన్ చుట్టుపక్కల అతివాహకత కనబడింది, మంచి స్ఫటికాల్లో అది 1.5 దాకా వెళ్తుంది. మిగులు నిరోధం 1 మైక్రోఓమ్-సెం.మీ దాటితే మాయమయ్యేంత సున్నితం. 1998లో ఎన్‌ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాదం) కొలతలో నైట్ షిఫ్ట్ (ఎలక్ట్రాన్ స్పిన్ల వల్ల రేఖ జరిగే దూరం) మారలేదని చూసి, ఎలక్ట్రాన్ జతల స్పిన్లు ఒకే దిశలో ఉంటాయని, అంటే ట్రిప్లెట్ అని, రెండు దశాబ్దాలు నమ్మారు. 2019లో మళ్ళీ కొలిస్తే షిఫ్ట్ తగ్గింది. పాత కొలతల్లో రేడియో పల్స్‌లే శాంపిల్‌ను వేడెక్కించి అతివాహక స్థితిలోంచి బయటికి తోశాయి. మొదట కొలిచిన బృందం కూడా పల్స్ శక్తి తగ్గించి చూసి ఒప్పుకుంది. పైన నిరోధం దగ్గర చెప్పిన వేడి సమస్యే ఇది, వేషం వేరు.

స్పిన్ లిక్విడ్ దొరికిందన్న పేపర్లను ఎలా చదవాలి?

స్పిన్ లిక్విడ్ అంటే ఎంత చల్లార్చినా స్పిన్లు క్రమంలో గడ్డకట్టని స్థితి. క్రమం కనబడలేదన్నది బలహీనమైన సాక్ష్యం. అవ్యవస్థ కూడా క్రమాన్ని చెరిపేస్తుంది. హెర్బర్ట్‌స్మితైట్ అనే రాగి-జింక్ ఖనిజంలో జింక్ స్థానాల్లో సుమారు 15 శాతం రాగి చేరుతుంది. తక్కువ ఉష్ణోగ్రతల్లో కనిపించే అయస్కాంత సిగ్నల్‌లో చాలా భాగం ఆ అనాథ స్పిన్లదే. యిటర్బియం-మెగ్నీషియం-గాలియం ఆక్సైడ్‌లో మెగ్నీషియం, గాలియం ఒకే స్థానాన్ని అస్తవ్యస్తంగా పంచుకుంటాయి.

ఆల్ఫా రుథీనియం క్లోరైడ్‌తో పనిచేసేవారు మొదట చూడాల్సింది ఒకటే: విశిష్టోష్ణంలో శిఖరం 7 కెల్విన్ దగ్గర ఒక్కటే ఉందా, 14 దగ్గర ఇంకోటి ఉందా? 14ది పొరల పేర్పు తప్పిన భాగాలది. స్ఫటికం మెత్తగా వంగుతుంది. పట్టకారుతో ఒక్కసారి వంచినా ఆ రెండో శిఖరం పుట్టుకొస్తుంది.

స్పిన్ గ్లాస్ కూడా ఇదే కోవలోకి వస్తుందా?

సంక్లిష్ట వ్యవస్థల వైపు నుంచి వస్తే అదే తలుపు. బంగారంలో కొద్దిగా ఇనుము, రాగిలో కొద్దిగా మాంగనీస్ కలిపితే స్పిన్ల మధ్య బంధాలు కొన్ని ఒకే దిశను, కొన్ని ఎదురు దిశను కోరతాయి. అన్నిటినీ మెప్పించే అమరిక ఉండదు. 1972లో బంగారం-ఇనుములో ఏసీ ససెప్టిబిలిటీ పదునైన శిఖరం చూపింది. 1975లో ఎడ్వర్డ్స్-ఆండర్సన్, షెరింగ్టన్-కిర్క్‌పాట్రిక్ నమూనాలు వచ్చాయి. రెండోదాన్ని పూర్తిగా విప్పిన పరిసీకి 2021 నోబెల్‌లో భాగం దక్కింది. ఆ గణితం న్యూరల్ నెట్‌వర్కుల్లో, ఆప్టిమైజేషన్ సమస్యల్లో ఇప్పటికీ పనిచేస్తోంది.

ప్రయోగశాలలో గుర్తుపట్టడానికి ఏసీ పౌనఃపున్యాన్ని 10 నుంచి 10,000 హెర్ట్జ్‌కు మార్చి చూడండి, శిఖరం కొద్దిగా పైకి జరగాలి. యాంటీఫెర్రో సంక్రమణమైతే జరగదు. క్షేత్రంతో, క్షేత్రం లేకుండా చల్లార్చిన గీతలు విడిపోవడం ఒక్కటే చాలదు. మామూలు ఫెర్రో అయస్కాంతాల్లోనూ అవి విడిపోతాయి.

హబర్డ్ నమూనాను నా కంప్యూటర్‌లో లెక్కించవచ్చా?

ఖచ్చితమైన డయాగనలైజేషన్ (అన్ని స్థితులనూ మాట్రిక్స్‌లో పెట్టి విప్పడం) అయితే 16 చోట్ల దాకా. సగం నిండిన స్థితిలో 16 చోట్లకు సుమారు 16.6 కోట్ల స్థితులు. ఒక్కో వెక్టర్ 1.3 గిగాబైట్లు, లాంక్జోస్ పద్ధతికి రెండు మూడు వెక్టర్లు చాలు. 20 చోట్లకు వెళ్తే 3,413 కోట్ల స్థితులు, ఒక్క వెక్టరే 273 గిగాబైట్లు. నాలుగు చోట్లు పెంచినందుకు కట్టాల్సిన మూల్యం అది. సౌష్ఠవాలు వాడితే కొంత తగ్గుతుంది, అద్భుతాలేమీ జరగవు.

పొడవైన గొలుసులకు, సన్నని పట్టీలకు 1992లో వైట్ కనిపెట్టిన డీఎంఆర్‌జీ (డెన్సిటీ మాట్రిక్స్ రీనార్మలైజేషన్ గ్రూప్) సరైన ఆయుధం. క్వాంటమ్ మాంటె కార్లో సగం నిండిన చతురస్ర జాలకంలో చక్కగా నడుస్తుంది. ఎలక్ట్రాన్లు కాస్త తీయగానే మైనస్ గుర్తు చిక్కు మొదలై, ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ తప్పు ఘాతీయంగా పెరుగుతుంది. అతివాహకత ఉండాల్సింది కూడా సరిగ్గా అక్కడే. డీఎంఎఫ్‌టీ (డైనమికల్ మీన్ ఫీల్డ్ సిద్ధాంతం) ఒక్కో చోటి కాలగతిని బాగా పట్టుకుంటుంది, దూరపు సహసంబంధాలను వదిలేస్తుంది.

డీఎఫ్‌టీ ప్లస్ యు (డెన్సిటీ ఫంక్షనల్ లెక్కకు యు కలిపిన పద్ధతి) వాడేవారు యు విలువను ప్రయోగంలో కొలిచిన గ్యాప్‌కు సరిపోయేలా ఎంచుకుని, ఆ గ్యాప్‌నే ఫలితంగా చూపించకూడదు. ఒకే అయస్కాంత అమరికతో మొదలుపెట్టి ఆగిపోవడం ఇంకో పొరపాటు. ఈ లెక్క దగ్గరలో ఉన్న స్థానిక కనిష్ఠంలో ఇరుక్కుంటుంది. కనీసం మూడు నాలుగు అమరికల నుంచి, ఎలక్ట్రాన్లను వేర్వేరు డి కక్ష్యల్లో పెట్టి మొదలుపెట్టండి.

నిరోధం ఉష్ణోగ్రతతో సరళరేఖలో పెరుగుతోంది. స్ట్రేంజ్ మెటల్ (మామూలు లోహ సిద్ధాంతానికి లొంగని లోహం) అనేయవచ్చా?

రాగి కూడా గది ఉష్ణోగ్రత దగ్గర సరళరేఖే. ఫోనాన్లు (జాలక కంపనాలు) డిబై ఉష్ణోగ్రతలో (ఆ కంపనాలన్నీ మేల్కొనే స్థాయి) అయిదో వంతు పైన ఆ పని మామూలుగానే చేస్తాయి. చెప్పుకోదగ్గది రెండు సందర్భాల్లో: డిబై ఉష్ణోగ్రతకు చాలా కింద, కొన్ని కెల్విన్‌ల దాకా రేఖ వంగకుండా దిగడం, లేదా ఎలక్ట్రాన్ ఢీకొనకుండా నడిచే సగటు దూరం పరమాణువుల ఎడం కన్నా చిన్నదని లెక్క వచ్చేంత పైకి పోయినా వంగకపోవడం. లాంథనం-స్ట్రాన్షియం కుప్రేట్‌లో రెండోది 1000 కెల్విన్ దాకా కనబడుతుంది.

ఫిట్ చేసేటప్పుడు ఘాతాంకాన్ని, మిగులు నిరోధాన్ని, ఉష్ణోగ్రత పరిధిని మూడింటినీ వదులుగా వదిలేస్తే ఏ అంకె కావాలంటే ఆ అంకె వస్తుంది. ముందు అవకలనం గీయండి. అది కనీసం పది రెట్ల ఉష్ణోగ్రత పరిధిలో చదునుగా ఉంటేనే సరళరేఖ అనండి. క్షేత్రంతో అతివాహకతను అణచి కొలిచినట్లయితే ఆ క్షేత్రం వల్ల పెరిగిన మాగ్నెటోరెసిస్టెన్స్‌ను కూడా తీసివేయాలి. లేకపోతే వంగిన గీత తిన్నగా కనిపించే ప్రమాదం ఉంది.